పోయిన తాళంచెవి ఇంకా పనిచేస్తూనే ఉంటుంది

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

పోగొట్టుకున్న కారు తాళంచెవికి బదులు కొత్తది ఎక్కడ తొందరగా చేసిస్తారని ఫోనులో అడిగావు. సర్వీస్ సెంటర్ కౌంటర్ దగ్గర కూర్చున్నన్నాళ్లూ నన్ను అందరూ అడిగింది అదే. పోయినది ఇప్పుడు ఎవరి చేతిలో ఉందో, దాన్ని పనికిరాకుండా చేయడం ఎలాగో అడిగినవాళ్లు తక్కువ. నీ దగ్గర రెండో తాళంచెవి ఉంది కాబట్టి కారు నడుస్తుంది, తొందరేమీ లేదు. తొందరపడాల్సింది పోయినదాని విషయంలో.

కల్యాణమండపంలో చేతిసంచితో సహా పోయిందన్నావు. సంచిలో ఆర్‌సీ కూడా ఉందన్నావు. నాకు నచ్చనిది అదే. సముద్రపు ఒడ్డున ఇసుకలో జారిపోయిన తాళంచెవితో ఎవరికీ ఏ ఉపయోగమూ లేదు. ఆర్‌సీతో కలిసి పోతే మాత్రం దొరికినవాడికి కారు నంబరూ, ఇంటి చిరునామా కూడా దొరికినట్టే. ఈ పని అయ్యేవరకు కారును వీధిలో ఉంచకు. గేటు లోపల పెట్టించి, వెనక అల్లుడుగారి కారు అడ్డంగా నిలపమను. మండపం మేనేజరును మరోసారి అడుగు. సీసీ కెమెరా దృశ్యాలు చెరిగిపోకముందే చూపించమను. రేపు పొద్దున్నే పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు ఇచ్చి, తేదీ, ముద్ర ఉన్న కాపీ తీసుకో. డూప్లికేట్ ఆర్‌సీకి ఫారం 26తో దరఖాస్తు చేసేటప్పుడు అది కావాలి. ఇకనుంచి అసలు ఆర్‌సీ సంచిలో మోయకు. డిజీలాకర్‌లో చూపినా చెల్లుతుందని కేంద్రం 2018లోనే రాష్ట్రాలకు చెప్పింది.

ఆ ఫిర్యాదు కాపీ అంతకన్నా ముఖ్యంగా బీమాకు కావాలి. ఖర్మ కాలి కారు దొంగతనానికి గురైతే, క్లెయిము చేసినప్పుడు బీమా కంపెనీలు సాధారణంగా కారుతో వచ్చిన రెండు తాళంచెవులూ అప్పగించమంటాయి. ఒకటి లేదంటే, ఎప్పుడు పోయింది, ఎవరికి చెప్పావు అని నిలదీస్తాయి. నీ అజాగ్రత్త వల్లే కారు పోయిందని వాదించడానికి వాళ్లకు అదొక సాకు. కాబట్టి బీమా కంపెనీకి ఇవాళే ఈమెయిల్ పంపు. పాలసీ కాగితం తీసి కీ రీప్లేస్‌మెంట్ అనే అదనపు కవరు ఉందేమో చూడు. ఉంటే తాళంచెవి ఖర్చు, కొన్ని పాలసీల్లో తాళాల సెట్టు ఖర్చు కూడా వాళ్లే భరిస్తారు. అయితే ఇన్ని రోజుల్లోగా తెలియజేయాలన్న నిబంధన ఉంటుంది.

ఇక అసలు సంగతి. మీ వీధి చివర తాళాలు చేసే అతను తక్కువ ధరకే చేసిస్తానన్నాడని సంబరపడ్డావు. అతను కోసిచ్చే ఇనుప ముక్కతో తలుపు తెరుచుకుంటుంది, ఇంజిన్ మాత్రం నడవదు. నీ తాళంచెవి తలలో, ప్లాస్టిక్ లోపల చింతగింజ కన్నా చిన్న చిప్ ఒకటి ఉంది. దానికి బ్యాటరీ లేదు. తాళంచెవి పెట్టే చోట చుట్టూ ఉన్న తీగచుట్ట నుంచి తక్కువ పౌనఃపున్యంలో, సాధారణంగా 125 కిలోహెర్ట్జ్‌లో, తరంగాలు వస్తాయి. ఆ శక్తితోనే చిప్ మేల్కొని కారు కంప్యూటరుకు జవాబు చెబుతుంది. పాత రకాల్లో ఆ జవాబు ఎప్పుడూ ఒకటే నంబరు. ఇప్పటివాటిలో కారు ప్రతిసారీ కొత్త ప్రశ్న వేస్తుంది, ఇద్దరికే తెలిసిన రహస్య సంకేతంతో చిప్ లెక్కకట్టి జవాబిస్తుంది. జవాబు సరిపోకపోతే ఇంజిన్ ఒక క్షణం రాజుకుని ఆగిపోతుంది, లేదా అసలు కదలదు. దీన్నే ఇమ్మొబిలైజర్ అంటారు. ఐరోపాలో 1998 నుంచి కొత్త కార్లకు ఇది తప్పనిసరి.

తలుపులు తెరిచే బటన్ల సంగతి వేరు. దానికి చిన్న బిళ్ల బ్యాటరీ ఉంటుంది, నొక్కిన ప్రతిసారీ సంకేతం మారుతుంది. ఆ బ్యాటరీ అయిపోతే తాళంచెవి మొత్తం పాడైందనుకుని కొత్తది కొనడానికి వచ్చినవాళ్లను ఎందరినో చూశాను. బిళ్ల మార్చి పంపేవాళ్లం.

ఏయే తాళంచెవులను నమ్మాలో కారు తన జ్ఞాపకంలో ఒక జాబితా ఉంచుకుంటుంది. కొత్తదాన్ని చేర్చినంత మాత్రాన పోయినదాని పేరు ఆ జాబితా నుంచి పోదు. ఎవరైనా తొలగించాలి. చాలా కార్లలో జాబితా చెరిపి, ఎదురుగా ఉన్నవాటినే మళ్లీ నమోదు చేస్తారు. అందుకే ఇంట్లో ఉన్న తాళంచెవి కూడా తీసుకెళ్లాలి, లేకపోతే అదీ పనికిరాకుండా పోతుంది. సర్వీస్ సెంటర్‌లో చేయాల్సిన పని రాసుకునే జాబ్ కార్డుపై "పోయిన తాళంచెవిని తొలగించాలి" అని రాయించు. పని అయ్యాక ఇప్పుడు ఎన్ని నమోదై ఉన్నాయని అడుగు. నీ చేతిలో ఉన్నవెన్నో, వాళ్ల యంత్రం స్క్రీనులో కనిపించేవీ అన్నే ఉండాలి. సెకండ్ హ్యాండ్ కారు కొన్నప్పుడూ ఈ ప్రశ్న అడగాలి, ఎవరూ అడగరు.

చిప్‌ను తొలగిస్తే ఇంజిన్‌కే భద్రత. తాళంచెవి ఇనుప పన్ను, అంటే గాట్లు కోసిన భాగం, ఇంకా తలుపు తెరుస్తుంది. మామూలుగా అయితే తాళాల సెట్టు మార్చమని నేను చెప్పను, ఖర్చు ఎక్కువ. కానీ నీ చిరునామా కూడా పోయింది కదా, నేనైతే మార్పిస్తాను.

తాళాలు చేసేవాళ్లను తక్కువ చేయడం లేదు. వాళ్లలో స్టీరింగు కింది సాకెట్‌కు యంత్రం తగిలించి చిప్ నమోదు చేసే నిపుణులూ ఉన్నారు. ఒక్క ప్రశ్న అడుగు: కొత్త చిప్ నమోదు చేస్తారా, ఉన్నదానికి నకలు తీస్తారా? నకలు తీస్తే రెండింటికీ ఒకే గుర్తింపు, కారుకు తేడా తెలియదు. రేపు ఒకటి పోతే, దాన్ని తొలగించినప్పుడు రెండోదీ పోతుంది. నీ ఆర్‌సీ చూపించమని అడగనివాడి దగ్గరకు వెళ్లకు. నిన్ను అడగనివాడు దొంగను మాత్రం ఎందుకు అడుగుతాడు?

షోరూముకు గుర్తింపు కార్డు, ఆర్‌సీ నకలు, పాలసీ కాగితం పట్టుకెళ్లు. కారు ఇచ్చినప్పుడు తాళంచెవులతో పాటు నంబరున్న చిన్న బిళ్ల ఒకటి ఇచ్చి ఉంటారు. అది దొరికితే పన్ను కోయడం సులభం. కొత్త తాళంచెవి తెప్పించడానికి కొన్ని రోజులు పట్టవచ్చు, కసురుకోకు. ఆ బిళ్లను మాత్రం తాళంచెవికే వేలాడదీయకు. కొత్త కారుకు పూజ చేయించి తాళంచెవి ఫోటో వాట్సాప్ స్టేటస్‌లో పెడుతున్నారు ఈమధ్య. పన్ను స్పష్టంగా కనిపిస్తే ఆ ఫోటో చూసి మరొకటి కోయవచ్చు. షోరూమువాళ్లు చేతికిచ్చే పెద్ద అట్ట తాళంచెవితో ఎన్ని ఫోటోలైనా దిగండి.

అల్లుడుగారిది బటన్ నొక్కితే నడిచే కారు. ఆ తాళంచెవి జేబులో ఉన్నా తలుపు తెరుచుకుంటుంది. ఒకడు ఇంటి గుమ్మం దగ్గర, మరొకడు కారు దగ్గర యంత్రాలతో నిలబడి ఆ సంకేతాన్ని సాగదీసి కారు తీసుకెళ్లవచ్చు. 2011లో జ్యూరిక్ పరిశోధకులు 8 కంపెనీల 10 రకాల కార్లపై ఇది ప్రయత్నిస్తే అన్నీ లొంగాయి. తర్వాత కొన్ని కంపెనీలు తాళంచెవి కదలకుండా ఉంటే నిద్రపోయేలా చేశాయి. అందులో అది ఉందో లేదో కనుక్కోమను. లేకపోతే రాత్రిపూట మూత బిగుసుకునే స్టీలు డబ్బాలో పెట్టి, ఆ డబ్బా పట్టుకుని కారు తలుపు లాగి చూడమను. తెరుచుకుంటే డబ్బా మార్చాలి.

కొత్తది వచ్చాక రెండోది మీ అమ్మ దగ్గర ఉంచు. కారులోనే అరలో దాచేవాళ్లూ ఉన్నారు, నువ్వు ఆ పని చేయకు. జాబ్ కార్డు నకలు, బిల్లు, ఫిర్యాదు కాపీ పాలసీ ఫైలులో పెట్టు. షోరూమువాళ్లు అంచనా ఇచ్చాక నాకు పంపు, ఎక్కడ ఎక్కువ వేశారో చూస్తాను.

మీ మామయ్య