శిక్షణ అయ్యాక మిషనరీ స్కూల్లోనే స్టాఫ్‌గా ఉండిపోతే ఆత్మీయంగా ఎదుగుతామా?

వందనాలు సిస్టర్. మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: చెన్నైలో మిషనరీ శిక్షణ పూర్తి చేశారు. రెండేళ్లు స్టాఫ్‌గా ఉండమని లీడర్లు అడిగారు. ఇంట్లో "సేవకని వెళ్లి వంటలూ లెక్కలూ చూడడమేంటి" అంటున్నారు. విద్యార్థిగా ఉన్నప్పటి ఎదుగుదల ఇక ఉండదేమోనని మీకు భయంగా ఉంది. నాది ఒంగోలు. చెన్నైలోనే అలాంటి స్కూల్లో కొన్నేళ్లు అమ్మాయిల హాస్టలూ మెస్ సరుకులూ చూశాను కాబట్టి చెప్తున్నాను.

ఎదుగుతారు. అయితే విద్యార్థిగా ఉన్నప్పుడు మన కోసం అన్నీ అమర్చి పెడతారు. క్లాసు, ఆరాధన, క్వైట్ టైమ్ (ఒంటరిగా బైబిలు చదివి ప్రార్థించే సమయం), మన కోసం ప్రార్థించే ఒక అక్క, అన్నీ టైంటేబుల్లోనే ఉంటాయి. స్టాఫ్ అయ్యాక ఆ అక్క మీరే. పొద్దున క్లాసులో విన్న వాక్యం మధ్యాహ్నానికి మీలో ఎంత మిగిలిందో పిల్లలు చూస్తూనే ఉంటారు.

2019 వేసవి చెన్నైలో ఉన్నవాళ్లెవరూ మర్చిపోరు. పూండి, చోళవరం, రెడ్‌హిల్స్, చెంబరంబాక్కం రిజర్వాయర్లు దాదాపు అడుగంటాయి. మా బోరు కూడా ఎండిపోయింది. ట్యాంకర్ ఎప్పుడొస్తుందో తెలియదు, అర్ధరాత్రి హారన్ వినపడినా లేచి డ్రములు నింపుకోవాల్సిందే. బక్కెట్లు లెక్కపెట్టి ఇచ్చేదాన్ని. ఒక రాత్రి ఉపవాస ప్రార్థన ముగించుకుని వచ్చిన ఇద్దరమ్మాయిలు, ఒకరు మిజోరం, ఒకరు మన శ్రీకాకుళం, బాత్రూమ్ ముందు బక్కెట్ కోసం గట్టిగా గొడవపడ్డారు. అంతకుముందు గంటసేపు ఇద్దరూ ఒకే చాప మీద మోకరించి ఉన్నారు. నేను తీర్పు చెప్పలేదు. ఇద్దరికీ భాష సరిగ్గా కలవదు, చెప్పినా సగమే అర్థమయ్యేది. పక్కనే నిలబడ్డాను, అంతే. తెల్లవారుజామున చూస్తే శ్రీకాకుళం అమ్మాయి తన బక్కెట్‌లోంచి మగ్గుతో నీళ్లు తీసి రెండో అమ్మాయి బక్కెట్‌లో పోస్తోంది, చప్పుడు కాకుండా, మగ్గు అంచుకి ఆనించి మరీ. నేను చూసినట్టు తనకి తెలియదు. క్షమాపణ గురించి నేను విన్న ఏ ప్రసంగమూ నా మీద అంత పనిచేయలేదు. ఆ పిల్లల మధ్య ఉండి, తొందరపడకుండా దేవుడు పనిచేసేదాకా ఆగడం అక్కడే నేర్చుకున్నాను.

ఇంకో మాట. కోయంబేడు మార్కెట్ నుంచి సాంబారు ఉల్లిపాయల బస్తా వస్తే వరండాలో పరిచి అందరం కూర్చుని పాడైనవి ఏరేవాళ్లం. కౌన్సెలింగ్ అని గదిలోకి పిలిచి ఎదురుగా కూర్చోబెడితే నోరు విప్పని అమ్మాయి, తల వంచుకుని ఉల్లిపాయలు ఏరుతూ ఇంట్లో తండ్రి తాగుడు గురించి మొత్తం చెప్పేసింది. స్టాఫ్ పని అంటే నాకు ఇప్పటికీ ముందు ఆ వరండానే గుర్తొస్తుంది.

ఇంట్లోవాళ్ల మాటకి వస్తాను. మీది గుంటూరు అన్నారు కాబట్టి ఒంగోలులో పనిచేసిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర పేరు విని ఉంటారు. 1876-78 పెద్ద కరువులో ఆయన బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకున్నాడు, ఆకలితో ఉన్న జనానికి కూలి దొరకాలని. కొలతలు, కూలి లెక్కలు, గుడిసెలు, జబ్బులు, అదీ ఆయన రోజువారీ పరిచర్య. పని ఆగినప్పుడు అక్కడే వాక్యం చెప్పేవారు. తిండి కోసం మతం మారారన్న మాట రాకూడదని, కరువు సాయం నడిచినంతకాలం బాప్తిస్మాలు ఆపేశాడు. ఆ తర్వాతే 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మైలాపూరు దగ్గర రైలు కింద నల్లగా కనిపించేది ఆ కాలువే. దాన్ని దాటినప్పుడల్లా మా ఒంగోలు సంఘాలు గుర్తొచ్చేవి. లెక్కల పుస్తకం పట్టుకున్నవాళ్లది తక్కువ సేవ అని మీ ఇంట్లో ఎవరైనా అంటే ఈ సంగతి చెప్పండి.

మీ భయంలో నిజం లేకపోలేదు. స్టాఫ్‌కి ఒక రకమైన ఎండుదనం వస్తుంది. రోజంతా చెవిలో వాక్యమే, నోట్లో ప్రార్థనే, దాంతో సొంతంగా దేవుని దగ్గర కూర్చోవాల్సిన అవసరం తీరిపోయినట్టు అనిపిస్తుంది. బైబిల్లో మొదటి రాజులు 19లో ఏలీయా ప్రవక్త చచ్చిపోతానన్నప్పుడు దేవుడు ముందు నిద్రపోనిచ్చాడు, దూతతో అప్పమూ నీళ్లూ పంపాడు, మెల్లని స్వరంతో మాట్లాడింది చాలా తర్వాత. అందుకే వారానికి ఒక సెలవు రోజు గట్టిగా అడిగి తీసుకోండి. ఆదివారం స్కూల్ బయట ఏదైనా తెలుగు సంఘానికి వెళ్లండి, అక్కడ ఏ బాధ్యతా పెట్టుకోకండి. నేను పెరంబూరు వైపు ఒక చిన్న సంఘానికి వెళ్లేదాన్ని. వారమంతా ఇంగ్లీషులో, తమిళంలో ప్రార్థించి, అక్కడ మన భాషలో పాడుతుంటే కళ్లనీళ్లు ఆగేవి కావు. అక్కడి పెద్దమ్మలకి నేను స్టాఫ్‌ని కాదు, ఒంగోలు పిల్లని.

డబ్బు సంగతి మొహమాటం లేకుండా ముందే అడగండి. చాలాచోట్ల జీతం ఉండదు, మన ఖర్చులకి సపోర్ట్ ఇచ్చేవాళ్లని మనమే చూసుకోవాలి. గదికీ భోజనానికీ స్టాఫ్ కూడా కట్టాలా? జబ్బు చేస్తే ఖర్చెవరిది? ఔట్‌రీచ్ అని బయటి ఊళ్లకి సేవకి వెళ్లే ప్రయాణాలు ఎవరి లెక్కలో? విదేశాల నుంచి ఎవరైనా మీ పరిచర్యకి డబ్బు పంపుతానంటే, మీ ఖాతాలోకి తెప్పించుకునే ముందు ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) ఏం చెప్తుందో సంస్థలో అడిగి తెలుసుకోండి.

రెండేళ్లకి ఇప్పుడే మాట ఇవ్వకుండా ఏడాదికి ఒప్పుకోండి. ఏడాది చివర కూర్చుని మాట్లాడదామని లీడర్లతో కాగితం మీద రాయించుకోండి. చేరేముందు మీ అమ్మానాన్నల్ని రైల్లో తీసుకొచ్చి ఒక రోజు అక్కడే ఉంచండి, మెస్‌లోనే భోజనం పెట్టించండి. మా నాన్న అలా వచ్చి, వంటింట్లో పనిచేసే అన్నతో అరగంట మాట్లాడాక గానీ నన్ను వదల్లేదు.