ముప్పై వాక్యాలు రాశాకే మాటలు

విజయనగరం

తమ్ముడూ,

పలాస జీడిమిల్లు సీరియల్‌కి నువ్వు రాసిన మొదటి ఎపిసోడ్ చదివాను. మాటలు బాగున్నాయి. అయితే మాటల కంటే ముందు పని ఒకటుంది. నోట్‌బుక్ తీసి 30 ఎపిసోడ్లకు ఒక్కో వాక్యం రాయి. ఎవరికి ఏం కావాలి, అడ్డుపడింది ఎవరు, చివరికి ఏం మారింది, ఈ మూడూ ఆ వాక్యంలో ఉండాలి. పన్నెండో వాక్యం దగ్గరే కలం ఆగిపోతే నీ చేతిలో ఉన్నది సినిమా కథ.

ఇప్పుడు నీ కథలో నాన్న బాకీ తీరగానే అంతా అయిపోతోంది. అదే, యజమాని కూతురూ, పప్పు ఒలిచే ఆవిడ కూతురూ ఒకే మిల్లులో వాటాదారులైతే? రేటు పడినా, మిషన్ కొన్నా, పెళ్లి కుదిరినా ఇద్దరికీ కొత్త తగవే. సీరియల్‌ని వందల ఎపిసోడ్లు లాగేది సంఘటన కాదు, తెగని సంబంధం.

మిల్లు గురించి నీకు తెలిసినదంతా సీన్లలోకి రావాలి. 320 గ్రేడ్ అంటే పౌండుకి సుమారు 300 నుంచి 320 పప్పులు. 180 అంటే పెద్ద పప్పు, రేటు ఎక్కువ. గ్రేడు మార్చి డబ్బా కట్టారంటే ఒక వారం కథ దొరికినట్టే. పెంకులోని జీడిరసం చేతుల్ని కాల్చి నల్లగా చేస్తుంది. పెళ్లిచూపుల్లో ఆ పిల్ల చేతులు పమిట కింద దాచుకుంటే డైలాగ్ అక్కర్లేదు.

అరగంట స్లాట్‌లో ప్రకటనలు పోను మిగిలేది 20–22 నిమిషాలు. అందులో ఆరేడు సీన్లు పడతాయి. నువ్వు పదకొండు లొకేషన్లు, రెండు వాన రాత్రులు రాశావు. రోజూ వచ్చే సీరియల్‌కి అది కుదరదు. ఇంటి హాలు, వంటగది, మిల్లు షెడ్డు, వీటిలోనే తిప్పు. షూటింగ్ కథ వరసలో జరగదు, సెట్ వరసలో జరుగుతుంది. అందుకని ప్రతి సీన్ పైనా సెట్, పగలో రాత్రో, ఎవరెవరున్నారో, ఎవరి చేతికి కట్టుందో రాయి. ముఖ్యమైన రహస్యం ఒక్క పాత్రకే తెలిసేలా పెట్టకు. ఆ ఆర్టిస్ట్ డేట్లు దొరకని రోజున కథ అక్కడే నిలిచిపోతుంది.

మన ఉత్తరాంధ్ర యాస గురించి కూడా ఒక మాట. పనిమనిషికీ, నవ్వించేవాడికీ మాత్రమే ఇచ్చి ఇన్నాళ్లూ దాన్ని చిన్నబుచ్చారు. నువ్వు హెడ్‌మిస్ట్రెస్‌కి ఇవ్వు, బ్యాంకు మేనేజర్‌కి ఇవ్వు. ప్రతి మాటనూ విరిచి రాయకు, చదివే ఆర్టిస్ట్ తడబడతాడు. ‘ఏటి’, ‘వచ్చీసినాడు’ లాంటివి నాలుగు సరైన చోట పడితే చాలు, మిగతాది లయ చూసుకుంటుంది.

కథ ఎవరికైనా చెప్పేముందు కాగితం మీద పెట్టు. కాపీరైట్ చట్టం కాపాడేది రాసినదాన్ని, ఆలోచనను కాదు. కథ, స్క్రీన్‌ప్లే, మాటలు చాలా సీరియళ్లలో ముగ్గురి పని. నీ పేరు దేనికి వేస్తారో, ఎపిసోడ్‌కి ఎంత ఇస్తారో, మధ్యలో నిన్ను మార్చేస్తే అప్పటికి రాసినవాటికి డబ్బు ఎప్పుడిస్తారో ఒప్పందంలో రాయించుకో.

ముప్పై వాక్యాలూ పూర్తయ్యాక పంపు. మాటలు అప్పుడే వద్దు.

అన్నయ్య