బైట్ (కెమెరా ముందు మనిషి చెప్పిన మాటల క్లిప్) కట్ చేసిన చోట తల గెంతుతోందా?

తప్పు మీ సాఫ్ట్‌వేర్‌ది కాదు, కట్‌అవేలు (అతుకు మీద కప్పే వేరే షాట్లు) లేకపోవడమే. ఒకే ఫ్రేములో మాట్లాడుతున్న మనిషి బైట్‌లోంచి మధ్య ముక్క తీసేసి రెండు చివరలు కలిపితే తల అలాగే గెంతుతుంది. జంప్ కట్ అంటే ఇదే. అతుకు దగ్గర డిజాల్వ్ (ఒక షాట్ మెల్లగా ఇంకోదాంట్లో కలిసిపోయే ఎఫెక్ట్) పెట్టినా అది దాన్ని దాచదు, ఇంకా పట్టిస్తుంది.

ఇప్పుడున్న ఫుటేజీతో:
1. ముందు కళ్లు మూసుకుని ఆడియో వినండి. కోతవల్ల అర్థం మారితే ఆ కట్ వద్దు.
2. ఆడియో కదపకుండా, పై వీడియో ట్రాక్‌లో 3-4 సెకన్ల కట్‌అవే విజువల్ వేయండి. అతుకుకు ఒక సెకను ముందే మొదలవ్వాలి.
3. గుంతల గురించి చెబుతుంటే గుంతే చూపించండి, ఆఫీసు బోర్డు కాదు.

చాలామంది మరిచిపోయేది ఫీల్డ్‌లోనే. బైట్ అవగానే కెమెరా ఆపి మైకు వైరు చుట్టేస్తారు. ఆపకండి. బైట్ ఇచ్చినాయన చేతులు, పట్టుకున్న కాగితం, వింటున్న మీ ముఖం: ఒక్కోటి కదలకుండా 10 సెకన్లు తీయండి. మనసులో లెక్కపెట్టండి, టెన్షన్‌లో నా పది సెకన్లు నాలుగే అయ్యేవి. అక్కడి శబ్దం కూడా అర నిమిషం రికార్డు చేసుకోండి, అతుకు కింద పరిస్తే మాట తెగినట్టు వినపడదు.