పురుగుకు యాంటీబయాటిక్ ఎందుకు?

డాక్సీసైక్లిన్ బోదకాలు పురుగును నేరుగా చంపదు, దాని ఒంట్లో కాపురముండే వోల్బాకియా అనే బ్యాక్టీరియాను చంపుతుంది. చెన్నైలో డాక్టర్ ఈ మాత్రలు రాయగానే ‘పురుగుకు యాంటీబయాటిక్ ఏంటి?’ అని మనవాళ్లకు వచ్చే అనుమానం న్యాయమైనదే. ఆ బ్యాక్టీరియా లేనిదే ఆడపురుగు కడుపులో పిల్లలు ఎదగవు. 4 నుంచి 6 వారాలు మందు వాడితే పురుగు గొడ్డుపోయి, నెలల తరబడి మెల్లగా చస్తుంది. ఆఫ్రికాలోని కంటిపురుగు లోవా లోవాలో వోల్బాకియానే లేదు, అందుకే దానిమీద ఈ మందు పనిచేయదు.

చెన్నైలోని కూవం నది ఒడ్డున ముసిరే క్యూలెక్స్ దోమల్లోనూ వోల్బాకియా ఉంటుంది. దాంతో దోమే దాన్ని మనకు అంటిస్తుందనుకుంటారు. కాదు, అది వేరే రకం, మన ఒంట్లో బతకదు. దోమ మోసుకొచ్చేది పురుగు పిల్లల్ని. అన్నట్టు, ఇప్పటికే బాగా వాచిన కాలు ఈ మాత్రలతోనే మామూలైపోదు. రోజూ సబ్బుతో కడిగి పొడిగా తుడుచుకోవడం తప్పదు.