ఐరన్ మాత్ర వేసుకుంటున్నా రక్తం పెరగట్లేదు

ప్రశ్న: నా వయసు 34. హిమోగ్లోబిన్ 9.4 ఉందని డాక్టరుగారు ఐరన్ మాత్రలు రాశారు. రెండు నెలలు వాడితే 10.1 అయింది, అంతే. పొద్దున టిఫిను కాగానే ఐరన్, కాల్షియం మాత్రలు రెండూ కలిపి వేసుకుని టీ తాగుతాను. రోజూ బీట్‌రూట్ రసం కూడా తాగుతున్నాను. లోపం ఎక్కడుంది?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: మాత్ర మానకుండా వేసుకుంటున్నారు, మంచిదే. కానీ వేసుకునే వేళ కుదరలేదమ్మా. టీలోని టానిన్లు ఐరన్‌ను పట్టేసుకుని ఒంటికి అందనివ్వవు. కాల్షియం కూడా దానికి అడ్డమే. మీరు మింగిన దాంట్లో చాలావరకు మలంలోనే పోతోంది.

ఐరన్‌ను పరగడుపున, నిమ్మకాయ పిండిన నీళ్లతో వేసుకోండి. గంట ఆగి టిఫిను, ఇంకో గంట ఆగి టీ. కాల్షియం రాత్రి భోజనానికి మార్చండి. థైరాయిడ్ మాత్ర కూడా వాడుతుంటే, దానికీ ఐరన్‌కీ నాలుగు గంటల ఎడం తప్పనిసరి. మలం నల్లగా వస్తే కంగారు పడకండి, ఐరన్‌తో అది మామూలే. వికారం, కడుపులో మంట ఉంటే రోజు విడిచి రోజు వేసుకోవచ్చేమో మీ డాక్టరుగారిని అడగండి. ఒక మోతాదు పడగానే ఒంట్లో హెప్సిడిన్ అనే హార్మోను పెరిగి, దాదాపు 24 గంటలు ఐరన్‌ను సరిగ్గా లోపలికి రానివ్వదు. మధ్యలో ఒక రోజు వదిలితే తర్వాతి మాత్ర బాగా పడుతుంది.

బీట్‌రూట్ ఎరుపు రంగే, ఐరన్ కాదు. వంద గ్రాముల దుంపలో ఉండేది మిల్లీగ్రాముకు అటూఇటూ. మీ వయసు స్త్రీకి రోజుకు 29 మిల్లీగ్రాములు కావాలని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో చెప్పింది. ఆ రసం కంటే ఉలవచారు, తినేవాళ్లయితే మేక కార్జం ఎంతో మేలు.

వేళ మార్చిన నెలకు మళ్లీ హిమోగ్లోబిన్ చూపించుకోండి. కనీసం ఒక గ్రాము పెరగాలి. పెరగకపోతే ఒంట్లో ఐరన్ నిల్వలెంతో చెప్పే ఫెరిటిన్, దాంతోపాటే ఇన్‌ఫెక్షన్, వాపు ఉన్నాయేమో చెప్పే సీఆర్‌పీ రక్తపరీక్షలు చేయించండి. ఫెరిటిన్ 15 కంటే తక్కువుంటే నిల్వలు అడుగంటాయని అర్థం. అయితే ఒంట్లో ఇన్‌ఫెక్షన్, వాపు ఉంటే నిల్వలు లేకపోయినా ఫెరిటిన్ ఎక్కువగా కనిపిస్తుంది. అందుకే సీఆర్‌పీ పక్కన లేకుండా ఆ అంకెను నమ్మకూడదు. ఫెరిటిన్ బాగుండి, రక్తకణాల సైజు చెప్పే ఎంసీవీ మాత్రం తక్కువుంటే తలసీమియా అనే వంశపారంపర్య రక్తదోషం స్వల్పంగా (ట్రెయిట్) ఉందేమో పరీక్ష చేయించాలి. అలాంటప్పుడు ఊరికే ఐరన్ మింగుతూ పోవడం మంచిది కాదు. నెలసరిలో రక్తస్రావం ఎక్కువైతే ఆ సంగతీ డాక్టరుగారికి చెప్పండి. పోయేది ఆగకపోతే ఎంత పోసినా చాలదు.

హిమోగ్లోబిన్ 12 దాటగానే మాత్ర ఆపేయకండి. నిల్వలు నిండాలంటే ఆ తర్వాత ఇంకో మూడు నెలలు వాడాలి.