ఆ బిళ్లతో తేలదమ్మా

ప్రశ్న: సార్, మా కాలేజీలో వైబీసీఓ (ఇట్రియం, బేరియం, రాగి కలిసిన ఆక్సైడ్ సూపర్‌కండక్టర్) బిళ్ల చేసి ద్రవ నైట్రోజన్‌లో ముంచితే రెసిస్టెన్స్ సున్నాకి పడిపోయింది. ఇందులో ఎలక్ట్రాన్ల జంటలు డి-వేవ్ తీరులో ఉంటాయని చదివాను. కండక్టెన్స్ (కరెంటు ఎంత సులువుగా పోతుందన్నది) కొలిచి ఆ సంగతి మేమే తేల్చుకోవచ్చా?
– ఎమ్మెస్సీ విద్యార్థిని, దేవరకొండ

జవాబు: ఆ బిళ్లతో, ఆ నైట్రోజన్‌తో తేలదమ్మా. ఇదే పని చేసి నేను బోర్లాపడ్డాను. నల్లగొండలో పాఠాలు చెప్పే రోజుల్లో, పశువుల దవాఖానలో ఆవుల సూదులకు వాడే నైట్రోజన్ కొంత బతిమాలి తెచ్చుకున్నాను. వోల్టేజి మారేకొద్దీ కండక్టెన్స్ గీసిన గ్రాఫ్‌లో సున్నా వోల్టు దగ్గర చిన్న గుట్ట కనిపించగానే డి-వేవ్ అని అందరికీ చెప్పేశాను. తీరా చూస్తే, కరెంటు పెంచేకొద్దీ కాంటాక్టు వేడెక్కి కండక్టెన్స్ పడిపోతోంది. గుట్ట దాని పుణ్యమే!

ఎలక్ట్రాన్లు జంట కట్టే తీరు మామూలు ఎస్-వేవ్ అయినా, డి-వేవ్ అయినా రెసిస్టెన్స్ సున్నా కావడం ఒకటే. తేడా గ్యాప్‌లో, అంటే ఆ జంటను విడదీయడానికి కావాల్సిన శక్తిలో ఉంది. గ్యాప్‌ను బత్తాయి తోట కంచె అనుకోండి, ఎలక్ట్రాన్‌ను మేక అనుకోండి. ఎస్-వేవ్‌లో చుట్టూ ఒకే ఎత్తు. వోల్టేజి ఆ ఎత్తుకు చేరేదాకా మేక లోపలికి రాదు, గ్రాఫ్ అడుగు చదునుగా ఉంటుంది. 1960లో గియేవర్ అనే భౌతిక శాస్త్రవేత్త అల్యూమినియానికీ సీసానికీ మధ్య పలుచని ఆక్సైడ్ పొర ఉంచి ఈ గ్యాప్‌నే కొలిచాడు. డి-వేవ్‌లో నాలుగు చోట్ల కంచె నేలమట్టం. కాస్త వోల్టేజికే కొన్ని మేకలు దూరతాయి, గ్రాఫ్ 'వి' ఆకారంలో లేస్తుంది.

ఇక్కడితో కంచె పోలిక అయిపోయింది, ఎందుకంటే కంచెకు ప్లస్, మైనస్ లేవు. డి-వేవ్ ఆకారం నాలుగు రేకుల పువ్వులా ఉంటుంది, పక్కపక్క రేకులకు గుర్తు మారుతుంది. స్ఫటికాన్ని 45 డిగ్రీల వాలుగా కోస్తే, ఆ ముఖానికి తగిలి వెనుదిరిగే ఎలక్ట్రాన్‌కు వచ్చేటప్పుడు ఒక గుర్తు, పోయేటప్పుడు ఇంకో గుర్తు ఎదురవుతాయి. దాంతో సరిగ్గా సున్నా శక్తి దగ్గర ఒక స్థితి ఆ ముఖానికే అతుక్కుపోతుంది, కండక్టెన్స్‌లో నిటారు శిఖరం వస్తుంది. 1994లో హు అనే శాస్త్రవేత్త ఈ మాట చెప్పాడు. మరుసటి ఏడాదే తనాకా, కషివాయా కండక్టెన్స్ లెక్క కట్టి ఇచ్చారు.

మీ బిళ్లలో రేణువులు తలోదిక్కుకు తిరిగి ఉంటాయి, కాబట్టి ఏ ముఖాన్ని కొలుస్తున్నారో మీకే తెలియదు. పైగా 77 కెల్విన్ వేడికి ఈ ఆకారాలన్నీ అలికేసినట్టు కలిసిపోతాయి. 4.2 కెల్విన్ ద్రవ హీలియం, ఒకే స్ఫటికం కావాలి. అవి దొరికే ల్యాబుకు వెళ్లినా, శిఖరం కనిపించగానే నాలా ఎగిరి గంతేయకండి. అయస్కాంత మలినాలు కూడా అలాంటి శిఖరాన్నే ఇస్తాయి. 45 డిగ్రీలు తిప్పి పక్క ముఖం మీద మళ్లీ కొలవండి. ముఖం నున్నగా ఉంటే అక్కడ ఆ శిఖరం ఉండకూడదు.