వరదలో బ్యాంకాక్ విమానం తప్పిపోయింది... ఏజెంటును నష్టపరిహారం అడగొచ్చా?

ప్రశ్న: గుంటూరులోని ఓ ట్రావెల్ ఏజెన్సీకి రూ.2.60 లక్షలు కట్టి సెప్టెంబరులో నలుగురం బ్యాంకాక్ వెళ్లాం. తిరుగు ప్రయాణం రోజు మధ్యాహ్నం నుంచే కుండపోత వాన. సువర్ణభూమి ఎయిర్‌పోర్టులో రాత్రి 11.30కి హైదరాబాద్ విమానం ఎక్కాలి. 7.30కి రావాల్సిన వ్యాను మోకాల్లోతు నీళ్లలో 9.45కి వచ్చింది. మేం చేరేసరికి చెకిన్ కౌంటర్ మూసేశారు. కొత్త టికెట్లకు రూ.92 వేలు అయ్యాయి. హోటల్ కింది అంతస్తు సామాన్ల గదిలో పెట్టిన రెండు సూట్‌కేసులు, అందులో ఉన్న ఒక పాస్‌పోర్టు తడిసిపోయాయి. ఏజెంటు ‘ప్రకృతి వైపరీత్యానికి మాది బాధ్యత కాదు’ అంటున్నాడు. బీమా క్లెయిమ్ కూడా తిరస్కరించారు. మాకు దారేది?
- ఓ పాఠకురాలు, గుంటూరు

సమాధానం: వాన పడినందుకు ఏ కోర్టూ ఎవరినీ తప్పుపట్టదు. వాన మొదలయ్యాక ఏజెంటు తన పని తాను చేశాడా లేదా అన్నదే మీ కేసు. నోటీసులో వరద గురించి పేజీలు రాయకండి, 7.30 నుంచి 9.45 వరకు ఏం జరిగిందో నిమిషాలతో సహా రాయండి.

ముందు మీ ప్యాకేజీ వోచర్ తీయండి. అందులో ‘ఎయిర్‌పోర్ట్ డ్రాప్’ అని ఉంటే, అది మీరు డబ్బు కట్టి కొనుక్కున్న సేవ. ఏజెంటు చెబుతున్న మాటకు కాంట్రాక్టు చట్టం 56వ సెక్షన్ ఆధారం. కానీ ఆ సెక్షన్, ఒప్పుకున్న పని చేయడం అసాధ్యమైనప్పుడే వర్తిస్తుంది. కష్టమైతేనో, ఆలస్యమైతేనో చాలదు. సెప్టెంబరు, అక్టోబరుల్లో బ్యాంకాక్ సందులు మునగడం అక్కడ వ్యాపారం చేసేవాళ్లకు తెలియని సంగతి కాదు. పైగా నగరంలోని ఫయా థాయ్ స్టేషన్ నుంచి సువర్ణభూమికి వెళ్లే ఎయిర్‌పోర్ట్ రైల్ లింక్ పైవంతెన మీద నడుస్తుంది. ఆ సాయంత్రం రైళ్లు నడిచాయని చూపగలిగితే, ‘వేరే దారి లేదు’ అన్న వాదన నిలవదు. మీరు ఫోన్ చేసినప్పుడల్లా ఏజెంటు ‘వ్యాను వస్తోంది, అక్కడే ఉండండి’ అని వాట్సాప్‌లో చెప్పి ఉంటే, మీ చేతిలో అంతకంటే గట్టి కాగితం లేదు.

అలాకాక, ఏజెంటు ‘ఈరోజు ముందే బయల్దేరండి’ అని మధ్యాహ్నమే చెబితే మీరు షాపింగ్ కోసం ఆగి ఉంటే మాత్రం కేసు బలహీనపడుతుంది. ఆ మెసేజ్ ఉందేమో ముందు మీరే చూసుకోండి. అవతలి వకీలు మొదట వెతికేది దాన్నే.

స్క్రీన్‌షాట్లు తీశాం కదా అని ఫోన్లో చాట్ తుడిచేయొద్దు. చాట్ మొత్తం ఎక్స్‌పోర్ట్ చేసి, భారతీయ సాక్ష్య అధినియమ్ (సాక్ష్యాల చట్టం) 63వ సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ ఆధారాలకు ఇచ్చే సర్టిఫికెట్ జతచేయండి. హోటల్ గుమ్మం దగ్గర నీళ్లు నిలిచిన ఫొటోలను సమయం కనిపించే అసలు ఫైళ్లుగానే దాచండి. వాట్సాప్‌లో పంపుకున్న కాపీల్లో ఆ వివరం పోతుంది.

స్పీడ్ పోస్టులో నోటీసు పంపి 15 రోజులు గడువివ్వండి. స్పందన లేకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేయండి. ఇ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయొచ్చు. మీరు చెల్లించిన మొత్తం రూ.5 లక్షల లోపే కాబట్టి ఫీజు లేదు. ఘటన జరిగిన రెండేళ్లలోపు వేయాలి. బిల్లు కింద ‘వివాదాలన్నీ ముంబయి కోర్టుల్లోనే’ అని అచ్చేసి ఉన్నా భయపడొద్దు. 2019 వినియోగదారుల చట్టం 34వ సెక్షన్ ప్రకారం మీరు నివసించే ఊళ్లోనే వేయొచ్చు. కొత్త టికెట్ల ఖర్చు, ఆ రాత్రి బస, భోజనం బిల్లులతో పాటు మానసిక వేదనకు న్యాయమైన మొత్తం అడగండి. ఇరవై లక్షలు అడిగితే నిజమైన నష్టం మీద కూడా అనుమానం వస్తుంది.

విమాన సంస్థ నుంచి పెద్దగా రాదు. విమానం వెళ్లింది, మీరు ఎక్కలేదు. దాన్ని ‘నో షో’ అంటారు. అయితే భారతీయ సంస్థ అయితే, రిఫండ్ రాని టికెట్‌కైనా చట్టపరమైన పన్నులు, విమానాశ్రయ రుసుములు వెనక్కివ్వాలన్నది విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధన. పీఎన్ఆర్‌తో అడగండి. అదే విమానం రద్దయి ఉంటే లెక్క మారేది: వాన కారణమైనా రిఫండో, మరో విమానమో ఇవ్వాల్సిందే.

బీమా విషయంలో చాలామంది పొరబడేది ఇక్కడే. ‘ట్రిప్ డిలే’ అంటే విమానం ఆలస్యం, మీ ఆలస్యం కాదు. ‘మిస్డ్ కనెక్షన్’ మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పినప్పుడు. మీకు కావాల్సింది ‘మిస్డ్ డిపార్చర్’, అంటే ఎయిర్‌పోర్టుకు వెళ్లే దారిలో ఆలస్యమై విమానం తప్పితే ఇచ్చే కవర్. అది అన్ని పాలసీల్లో ఉండదు. మీ పాలసీలో ఉంటే, ఏ క్లాజు కింద తిరస్కరించారో రాతపూర్వకంగా అడిగి, కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాయండి. నెలలో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా ఏడాదిలోపు హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్ (బీమా ఫిర్యాదులు పరిష్కరించే అధికారి) దగ్గరికి వెళ్లొచ్చు. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు.

హోటల్‌కు మాత్రం వెంటనే రాయండి. థాయ్ సివిల్ కోడ్‌లో అతిథి సామాను నష్టానికి హోటల్ యజమాని బాధ్యుడే, అనివార్య విపత్తు అయితే మినహాయింపు. కానీ దావా గడువు హోటల్ వదిలిన ఆరు నెలలే. నాలుగు బట్టల కోసం బ్యాంకాక్‌లో దావా వేయమనను. ‘సామాను మా సంరక్షణలో ఉండగా తడిసింది’ అని ఒక ఈమెయిల్ తెప్పించుకుంటే, పాలసీలో సామాను నష్టానికి కవర్ ఉన్నప్పుడు పనికొస్తుంది.

పాస్‌పోర్టులో పేరు, నంబరు చదవడానికి వీలుగా, ఫొటో చెక్కుచెదరకుండా ఉంటే ‘పాక్షికంగా పాడైంది’ కింద రీ-ఇష్యూకు పెట్టుకోవచ్చు. 36 పేజీలకు ఫీజు రూ.3,000. అంటుకున్న పేజీలను విడదీయాలని ఇస్త్రీ పెట్టె పెట్టకండి, ఫొటో మీది పొర లేచిందంటే ఆ అవకాశం కూడా పోతుంది.